తిండి సరే, గది మాటేమిటి?

గుడివాడలో 2024 ఆగస్టు 15న అన్న క్యాంటీన్ మళ్లీ తెరుచుకుంది. పూటకు అయిదు రూపాయలు. మూడు పూటలా అక్కడే తిన్నవాడికి నెల తిండి ఖర్చు 450 రూపాయలు దాటదు. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టు 15 నుంచి, స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకుండా పోయింది. అవనిగడ్డ నుంచి బందరుకు (మచిలీపట్నానికి) పనికొచ్చే ఆడపిల్లకు జీతంలో ఆ మేరకు మిగులుతోంది. రెండూ మంచి పనులే, మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసినవే. అయితే పట్నంలో బతకడానికి తిండి, రాకపోకలతో పాటు తలదాచుకునే చోటు కూడా కావాలి. మొదటి రెండింటి దగ్గర చేయందించిన ప్రభుత్వం మూడోదాన్ని, అన్నిటికన్నా బరువైనదాన్ని, ఇళ్ల యజమానుల దయకు వదిలేసింది. దివిసీమ నుంచి, బందరు చుట్టుపక్కల పల్లెల నుంచి బతుకుతెరువుకు పట్నం చేరేవాళ్లకు సొంతింటి పట్టా కన్నా ముందు కావలసింది ప్రభుత్వమే కట్టి నెలనెలా అద్దెకిచ్చే గది అని నేనంటాను.

లెక్క వేసి చూద్దాం. బందరులో మందుల షాపులోనో, బట్టల కొట్లోనో నెలకు పన్నెండు వేల జీతానికి చేరిన నాగాయలంక కుర్రాడు ఉన్నాడనుకోండి. గది అద్దె మూడు వేలు. కరెంటు బిల్లు వేరు. అడ్వాన్సు రెండు నెలలదంటే, మొదటి నెల అద్దెతో కలిపి తొమ్మిది వేలు జీతం అందకముందే చెల్లించాలి. అంత డబ్బు ఇంట్లో ఉంటే అతను ఊరు వదిలేవాడే కాదు. కాబట్టి అప్పు చేస్తాడు, వడ్డీతో సహా తీర్చడానికి కొన్ని నెలలు పడుతుంది. ఇదంతా గది దొరికితే సంగతి. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు కిందనే ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే పెళ్లయిందా, ఎంతమంది ఉంటారు, మాంసం వండుతారా అని అడుగుతారు. చివరికి ‘మీరేవిట్లు?’ అని కులం దగ్గర ఆగుతారు. ఒంటరి ఆడపిల్లకు, దళితుడికి, ముస్లింకు ఎన్ని బోర్డులున్నా దొరికే గదులు తక్కువ. దొరికిన చోట వాళ్లు అడిగినంత ఇవ్వాల్సిందే.

చిన్న పట్నాల్లో అద్దెలు పెద్ద సమస్య కాదనేవాళ్లు గణాంకాలు చూపిస్తారు. 2023–24 కేంద్ర వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ ప్రజల నెలసరి ఖర్చులో అద్దె వాటా ఆరున్నర శాతమే. ఆ సగటులో సొంతింట్లో ఉండి పైసా అద్దె కట్టనివాళ్లంతా కలిసిపోయారు. పై కుర్రాడి జీతంలో అద్దె పాతిక శాతం. పైగా అద్దె తక్కువైన ఊళ్లో జీతమూ తక్కువే. హైదరాబాదులో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుంటున్నది మన జిల్లాల పిల్లలే. దగ్గర్లో ఉన్న పట్నంలో నిలదొక్కుకునే దారి లేక అంత దూరం వెళ్లినవాళ్లు వాళ్లలో చాలామంది.

ఇన్నేళ్లుగా ప్రభుత్వాలకు ఇల్లంటే సొంతిల్లే. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి దాదాపు 30 లక్షల ఇళ్ల పట్టాలిచ్చారు, పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. డెల్టాలో చాలా చోట్ల అవి పల్లపు పొలాలు, మెరక తోలితే గానీ పునాది తీయలేని నేలలు. గుడివాడ శివార్లలోని మల్లాయపాలెంలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో కట్టిన 8,912 ఫ్లాట్లను 2023 జూన్ 16న ప్రారంభించారు. అదీ యాజమాన్య పథకమే. ఏ పార్టీ వచ్చినా సెంట్ల లెక్క మారుతోంది గానీ ఆలోచన మారడం లేదు. ఈ పథకాలన్నీ ఆయా ఊళ్లలో చిరునామా, రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు. కోడూరు నుంచి నిన్న బస్సు దిగినవాడు ఏ జాబితాలోనూ లేడు.

సొంతింటి కోరికను నేను తక్కువ చేయడం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు పక్కా ఇల్లంటే ప్రాణరక్షణ. ఆ ఇల్లు ఊళ్లో ఉండాలి. కానీ రెండేళ్లు బందరులో, మూడేళ్లు గుడివాడలో పనిచేసి ముందుకు సాగవలసిన వయసులో మనిషిని ఒకచోట కట్టిపడేసే ఫ్లాటు, దాని బ్యాంకు కిస్తీ అతనికి ఏం మేలు చేస్తాయి? ఉచిత బస్సు ఉంది కదా, రోజూ ఊరి నుంచే వెళ్లి రావచ్చు కదా అంటారు. మగవాళ్లకు ఆ బస్సు ఉచితం కాదు. బందరు నుంచి బెజవాడ డెబ్బై కిలోమీటర్లు, రానూపోనూ మూడు నాలుగు గంటలు. రాత్రి షిఫ్టు అయ్యేసరికి దివిసీమ లోపలి ఊళ్లకు బస్సు ఉండదు.

పనికోసం ఊరు మారినవాళ్లకు వసతి చూపాలన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2016లో సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలినప్పుడు ఉద్యోగులకు ఉచిత వసతి, అయిదు రోజుల పనివారం, లింగంపల్లికి రైలు ఏర్పాటు చేసింది. అది న్యాయం. ఆ న్యాయం జీతం తక్కువైనవాళ్లకు ఇంకా ఎక్కువగా అందాలి. పక్కనున్న తమిళనాడు ఈ పని చేసి చూపింది. శ్రీపెరుంబుదూరు సమీపంలోని వల్లం వడగాల్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ 18,720 మంది మహిళా కార్మికులు ఉండేలా కట్టిన వసతి గృహాలు 2024 ఆగస్టులో ప్రారంభమయ్యాయి.

అద్దె ఇళ్లను ప్రభుత్వం నడపలేదన్న అభ్యంతరంలో బలముంది. బకాయిలు పేరుకుంటాయి, మోటారు కాలిపోతే బాగుచేసేవాడుండడు, రాజకీయ నాయకుల మనుషులు గదులు ఆక్రమిస్తారు. ఖాళీ ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వాలని కేంద్రం 2020లో తెచ్చిన పథకం కూడా చండీగఢ్, సూరత్ వంటి కొన్ని చోట్ల కొన్ని వేల ఇళ్లకే పరిమితమైంది. అయినా మన మునిసిపాలిటీలు దుకాణ సముదాయాలు కట్టి దశాబ్దాలుగా అద్దెలు వసూలు చేస్తున్నాయి, వేలంలో దుకాణాలు ఇస్తున్నాయి. వాటిలోనూ బకాయిలున్నాయి, అందుకని ఎవరూ వాటిని మూసేయమనడం లేదు. గదుల నిర్వహణను డ్వాక్రా సమాఖ్యలకు అప్పగించవచ్చు. లక్షల మంది పొదుపు, అప్పుల లెక్కలు తప్పకుండా రాస్తున్న ఆడవాళ్లకు అద్దె రసీదు పుస్తకం పెద్ద పనేమీ కాదు.

ఈ పని ఇప్పుడే జరగాలనడానికి కారణం ఓడరేవు. 2023 మే 22న తపసిపూడిలో పనులు మొదలైన బందరు పోర్టు తొలి దశకు 5,156 కోట్ల అంచనా, నాలుగు బెర్తులు. అదే ఏడాది ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. రాజధాని ప్రకటన తర్వాత బెజవాడలో అద్దెలు ఎలా ఎగిశాయో ఉమ్మడి కృష్ణా జిల్లా చూసింది. ఓడలొచ్చాక బందరులో స్థలం కొని గదులు కట్టడం కార్పొరేషన్‌కు సాధ్యమయ్యే పని కాదు. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. దానికింద మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ బస్టాండుకు నడిచి వెళ్లే దూరంలో ముందు కొన్ని వందల పడకలతో మొదలుపెట్టాలి, సగం ఆడవాళ్లకు. గుడివాడలో ఎవరూ చేరని టిడ్కో ఫ్లాట్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, హక్కుదారుల సమ్మతితో అద్దెకివ్వాలి. ఒక నెలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. దరఖాస్తులో కులం గడి ఉండకూడదు. అద్దె ఎంతో, ఖాళీలు ఎన్నో గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉండాలి.