నేరం ఇద్దరిది, ముద్ర తెగకా?

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్ట్ రేంజర్ శ్రీనివాసరావు గారిని నరికి చంపారు. అది ఘోరం, అందులో రెండో మాట లేదు. ఆ హత్యకు కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది.

కానీ టీవీల్లో, పేపర్లలో మోగింది గుత్తికోయలన్న తెగ పేరే. వారం తిరక్కముందే, ఎర్రబోడు గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్ పంపెయ్యాలని బెండాలపాడు గ్రామసభ తీర్మానించింది. గూడెంలో పసిపిల్లలు చేసిన నేరమేంది?

మైదానపోడు తప్పు చేస్తే వార్తలో వాడి పేరొస్తది. ఆదివాసీ చేస్తే తెగ పేరొస్తది. పొద్దస్తమానం అదే వింటే ఏళ్ల తరబడి పక్కన బతికినోళ్లు కూడా పరాయోళ్లయితరు. ఆ వార్తల్ని ఫార్వర్డ్ చేసినోళ్లలో మనమూ ఉన్నం.

ఇకమీదట షేర్ నొక్కేముందు ఒక్కటడగండి: ఈ పని చేసింది మనిషా, తెగా?