విశ్వవిద్యాలయ ప్రగతికి కొలమానమేది?

ప్రతి విద్యాసంవత్సరాంతమున కళాశాలలు, విశ్వవిద్యాలయాలు తమ ప్రగతి నివేదికలను సమర్పించడం పరిపాటి. ఉత్తీర్ణుల శాతం, నూతన భవనాలు, సదస్సులు, క్రీడాబహుమతులు, న్యాక్ గ్రేడు, ఉద్యోగాలకు ఎంపికైన వారి సంఖ్య ఆ నివేదికలలో వరుసగా కనిపిస్తాయి. వీటి విలువను మేము తక్కువ చేయము. వీటి వెనుక ఎందరి శ్రమ దాగి ఉన్నదో అధ్యాపకవృత్తిలో ఉన్న మాకు తెలియనిది కాదు. అయినా నివేదిక చదవడం ముగిసిన తరువాత ఒక ప్రశ్న మిగిలిపోతూనే ఉంటుంది. విద్యార్థి తాను ఆలోచించే భాషలో ఈ సంవత్సరం ఎంత జ్ఞానాన్ని తన సొంతం చేసుకోగలిగాడు? ఈ లెక్కకు కూడా నివేదికలో చోటు ఉండవలెనని మా అభిప్రాయం.

ఈ విషయమై ఆలోచించడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రారంభచరిత్ర చాలు. 1917లో సర్ అక్బర్ హైదరీ నిజాం ప్రభువునకు ఒక విజ్ఞాపనపత్రం సమర్పించారు. పరభాషలో సాగే చదువు విద్యార్థి జ్ఞాపకశక్తిపై భారం మోపి, స్వతంత్రమైన ఆలోచనను కుంటుపరుస్తున్నదని అందులోని వాదన. మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ఆమోదించారు. 1918లో విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడింది. ఆధునిక విశ్వవిద్యాలయాలలో ఒక భారతీయ భాషను బోధనామాధ్యమంగా స్వీకరించిన మొదటిది ఇదే.

ఇందులో గమనింపదగినది పనులు జరిగిన వరుస. తరగతులు ఆరంభమైనది 1919 ఆగస్టులో. అంతకు రెండేళ్ళ ముందే, 1917లోనే, 'దారుల్ తర్జుమా' అనే అనువాదశాఖ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. చరిత్ర, తత్త్వశాస్త్రం, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఉర్దూలోనికి రావడానికి అక్కడ పండితులూ, ఆయా శాస్త్రాలు తెలిసినవారూ కలిసి కూర్చున్నారు. ఒక్కొక్క పారిభాషిక పదంపై చర్చలు జరిపి నిర్ణయాలు చేశారు. ఆ పదనిర్మాణపద్ధతిని గురించే వహీదుద్దీన్ సలీం ఒక గ్రంథం రచించారంటే ఆ కృషి ఎంత గంభీరంగా సాగినదో ఊహించవచ్చు. తొలి విద్యాసంవత్సరంలో విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది మాత్రమే. తరగతులు బషీర్‌బాగ్ ప్రాంతంలోని భవనాలలో నడిచాయి. నేడు మనమందరం ఉస్మానియా అనగానే తలచుకొనే ఆర్ట్స్ కళాశాల భవనానికి శంకుస్థాపన జరిగినది 1934లో, ప్రారంభోత్సవం 1939లో. అనగా ముందు పుస్తకం వచ్చింది, తరువాత విద్యార్థి వచ్చాడు, భవనం ఇరవై ఏళ్ళకు వచ్చింది. నేడు మనం ఈ వరుసను తలక్రిందులు చేశాము. భవనం పూర్తికాగానే ప్రగతి పూర్తయినట్లు భావిస్తున్నాము.

వైద్యశాస్త్రం, ఇంజనీరింగు సైతం అక్కడ ఉర్దూలో బోధింపబడ్డాయి. ఉన్నతశాస్త్రాలు దేశభాషలలో చెప్పడం అసాధ్యమని వాదించేవారికి ఇంతకంటె వేరు సమాధానం అవసరం లేదు.

అయితే ఈ గాథను కేవలం ప్రశంసతో ముగించడం న్యాయం కాదు. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదిమందిలో ఒకరు. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. మిగిలినవారిలో అధికులు మరాఠీ, కన్నడ భాషలవారు. మాతృభాషలో చదివితే బుద్ధి వికసిస్తుందన్న సూత్రం సత్యమైతే, అది వరంగల్లు రైతుబిడ్డకూ, ఔరంగాబాదు బాలునికీ, గుల్బర్గా బాలునికీ వర్తించవలసినదే. కాని వారికి ఉర్దూ కూడా నేర్చుకొని తీరవలసిన మరొక భాషే అయింది. విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు వంటి మహాకవి అందులో ఆచార్యత్వం వహించారు. అయినా తెలుగు అక్కడ ఒక పాఠ్యాంశంగా ఉన్నదే గాని, శాస్త్రాలను చెప్పే వాహిక కాలేదు. సూత్రం విశాలమైనది, దాని అమలు సంకుచితమైనది.

1948 తరువాత జరిగినదేమిటి? అమలులోని లోపాన్ని సవరించి, తెలుగునూ, తక్కిన భాషలనూ ఉర్దూ ప్రక్కన నిలబెట్టి ఉండవచ్చును. అలా జరుగలేదు. ఉర్దూ స్థానంలో ఆంగ్లం వచ్చి కూర్చున్నది. లోపంతో పాటు సూత్రాన్ని కూడా విడిచిపెట్టాము. ఇందువల్ల ఉర్దూ విద్యార్థి నష్టపోయాడు. తెలుగు విద్యార్థికి కలిగిన లాభం మాత్రం స్వల్పమే. ఈ నష్టంలో ఇరువురూ భాగస్వాములే గనుక, ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదివే మనవంటి కళాశాలలో దీనిని గురించి మాట్లాడుకోవడం అత్యంత సముచితం.

తరువాతి ప్రయత్నాలను విస్మరించరాదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, పి.వి. నరసింహారావు అధ్యక్షతన కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో తెచ్చే పనికి పూనుకొన్నది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపితమై, తెలుగు పాఠాలతో, కళాశాల గడప తొక్కలేనివారికి పట్టభద్రులయ్యే అవకాశం కల్పించింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే వెలసింది. ఇవన్నీ అభినందనీయాలు. ఐతే పుస్తకం అచ్చు అయినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆకులు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే క్రియను తెలుగులో 'కిరణజన్య సంయోగక్రియ' అంటున్నాము. ఉర్దూలో 'జియాయీ తాలీఫ్' అంటున్నారు. పదాలు రెండూ అర్థవంతమైనవే. ఒకటి కిరణాన్నీ, మరొకటి కాంతినీ చూపుతున్నది. కాని అధ్యాపకుడు ఆ పదాన్ని విప్పి చెప్పకపోతే, అది కూడా ఆంగ్లపదం వలెనే కంఠస్థం చేయవలసిన మరొక భారం అవుతుంది.

ఆంగ్లం లేకుండా ఉద్యోగాలు ఎలా వస్తాయని మన విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పేదకుటుంబాల నుండి వచ్చిన పిల్లలకు జీవనోపాధిని మించిన చింత ఉండదు. వారికి ఆంగ్లం వద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఉస్మానియా స్థాపకులు కూడా ఆ మాట చెప్పలేదు. ఉర్దూలో శాస్త్రాలు బోధిస్తూనే ఆంగ్లాన్ని నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచారు. ఒక భాషను చక్కగా నేర్వడం వేరు. ఆ భాష వచ్చేవరకు శాస్త్రజ్ఞానం కోసం వేచి ఉండడం వేరు. నేడు మన విద్యార్థులలో అనేకులు రెండవ స్థితిలోనే ఉన్నారు. పాఠం అర్థం కాకున్నా జవాబు వ్రాయగలరు. పరీక్ష గడచిన మరునాటికి ఆ జవాబు మిగలదు. ఉద్యోగపరీక్షలో వారిని వెనుకకు నెట్టేది భాష ఒక్కటే కాదు, విషయం అర్థం కాకపోవడం కూడా.

కాబట్టి కళాశాల కార్యవర్గం పెద్దలకు మేము చేసే మనవి చిన్నది. దీనికి ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు. ప్రతి శాఖ సంవత్సరానికి నూరు పారిభాషిక పదాలను ఆంగ్లం, తెలుగు, ఉర్దూ మూడింటిలోనూ సులభవివరణలతో సిద్ధం చేయవచ్చు. చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూడి ఒక్కొక్క పాఠ్యభాగాన్ని తెలుగులోనికో, ఉర్దూలోనికో తేవచ్చు. అధ్యాపకులు సరిదిద్దిన ఆ వ్రాతప్రతులు గ్రంథాలయంలో వచ్చే ఏటి విద్యార్థులకు ఉపకరిస్తాయి. తెలుగు తెలిసినవారూ, ఉర్దూ తెలిసినవారూ ఒకే బల్ల వద్ద కూర్చుంటే, ఒకరి భాష మరొకరికి పరాయిదన్న భావం కూడా తొలగిపోతుంది. వార్షిక నివేదికలో భవనాల లెక్క తరువాత ఈ పదాల లెక్క, ఈ పాఠాల లెక్క చేర్చవలసినదిగా కోరుతున్నాము.

విద్యార్థులారా! విశ్వవిద్యాలయమనగా రాతికట్టడం కాదని మీరు అనేక ఉపన్యాసాలలో వినే ఉంటారు. ఆ మాటను నిజం చేయవలసినవారు మీరే. మీకు బాగా అర్థమైన ఒక్క పాఠాన్ని మీ ఇంటిలోని చదువురాని తల్లికి ఆమె భాషలో వివరించి చూడండి. ఆమె తలయూపినచో, ఆ రోజు మీరూ ముందుకు సాగినట్లే, మీ కళాశాలా ముందుకు సాగినట్లే.