నాగయ్యగారి కథ నేర్పు పాఠం



చిత్తూరు నాగయ్యగారిని గూర్చి వచ్చు వ్యాసములు తరచు ఒకే తీరున ముగియుచున్నవి: దానధర్మములతో ఆస్తి కరిగించుకొని, 1973 డిసెంబరు 30న మద్రాసులో లేమిలో కన్నుమూసిరని. మా మధుర తెలుగు ఇండ్లలో పెద్దలు పిల్లలకు "నాగయ్యవలె చేతికి ఎముక లేకుండ ఇవ్వకురా" అని బుద్ధి చెప్పెడివారు. మా నాయన కూడ నాతో అట్లే అనేవారు. చాలకాలం నేనూ నమ్మితిని. ఆ మాట న్యాయము కాదని ఇప్పుడు తోచుచున్నది.

రేపల్లెలో పుట్టిన ఆయన 1938లో 'గృహలక్ష్మి'తో తెరకెక్కి, పదేండ్లలో 'భక్త పోతన', 'త్యాగయ్య', 'యోగి వేమన' చిత్రములతో ఇంటింటి మనిషైనారు. తమిళమున 'అశోక్ కుమార్', 'మీరా' చిత్రములలోను నటించిరి. తెలుగు బడి ఎరుగని మా అవ్వకు పోతన అన్న ఆయన ముఖమే.

మరి పతనమెట్లు వచ్చినది? లెక్క చూచుకొనని మాట నిజమే. కాని అన్నము పెట్టుట ఒక్కటే కారణము కాదు. 'నా ఇల్లు' (1953) సొంతముగ తీసి నష్టపోయిరి. 'భక్త రామదాసు' ఏండ్ల తరబడి సాగి 1964లోగాని విడుదల కాలేదు. చిత్రము ఆడకున్న నిర్మాతకు అప్పు మిగులును. అభిరుచి మారిన నటునికి వేషము తగ్గును. రెండు దెబ్బలూ ఆయనకే తగిలినవి. 1965లో పద్మశ్రీ వచ్చినది. అయినను ముదిమిలో తండ్రి వేషములు, సాధువు వేషములు వేసియే బ్రతుకవలసివచ్చినది. గుమాస్తాకు పింఛను ఉండెను, నటునికి లేదు.

కావున పిల్లలకు చెప్పవలసినది "ఇవ్వకురా" అని కాదు. "ఇచ్చినవాని ముదిమికి ఆధారము ఏర్పరచుము" అని. ప్రతి చిత్రపు ఖర్చులో కొంత వృద్ధ నటుల నిధికి తప్పనిసరిగ చేర్చవలెనని నిర్మాతలకు, లక్షలు పుచ్చుకొను తారలకు మనవి. చిన్న వేషముల వారిని ఆ నిధి ముందుగ ఆదుకొనవలెను.

మా నాయన నేడు లేరు. ఉన్నచో ఈ సంగతి వారితో వాదించియుందును. మా మనుమలకు మాత్రము నాగయ్యగారి పేరు చెప్పి పిసినితనము నేర్పబోను.

మధుర.
— ఒక పాఠకుడు