కొలతకు నిలుచు నౌక

పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనము జరుగునపుడు బల్లలపై ఓడ బొమ్మ యొకటి తప్పక కనబడుచుండును. అట్టముక్కలతోనో, థర్మోకోలుతోనో దానిని చేసి, బూడిదరంగు పూసి, పైన చిన్న పతాకము నిలిపి, "యుద్ధనౌక" యని చీటి యంటింతురు. ఏ యుద్ధనౌక యని యడిగినచో బాలుడు తెల్లబోవును. ఎన్నవ వంతు కొలతతో చేయించితిరని యడిగినచో ఉపాధ్యాయుడును తెల్లబోవును. ఒక్కొక్కచో అది అంగడిలో కొని తెచ్చినదై యుండుటయు కలదు. అయినను చూడవచ్చిన పెద్దలు భేషని మెచ్చుకొందురు. బహుమానమును పెక్కుసార్లు దానికే వచ్చును. ఈ పద్ధతి మారవలెనని నా యభిప్రాయము. ఓడ బొమ్మ వేరు, ఓడ నమూనా వేరు. బొమ్మ చేయుట తప్పనను. కాని దానిని నమూనా యని పిలిచి మార్కులు వేయుట తప్పందును.

నమూనా యనగా, నిజమైన నౌక యొక్క ప్రతి కొలతను ఒకే సంఖ్యచే భాగించి, వచ్చిన కొలతలతో దాని రూపమును మరల నిర్మించుట. అడుగులు, అంగుళములు వాడుకలో నున్న కాలమున ఇంగ్లండు దేశపు పనివారు అడుగునకు పావంగుళము చొప్పున నౌకల నమూనాలను చేసెడివారు. అది 48వ వంతు. అడుగునకు అంగుళములో ఎనిమిదవ పాలు చొప్పున చేసినచో 96వ వంతగును. నేడు పెట్టెలలో వచ్చు ప్లాస్టిక్ నమూనాలు 350వ వంతువి, 700వ వంతువి యెక్కువ. మనకు మీటరు కొలత యున్నది గనుక నూరవ వంతు మిక్కిలి సులభము. నౌకలోని మీటరు నమూనాలో సెంటీమీటరగును; భాగహారమునకు పలక యక్కరలేదు.

ఇట్టి నమూనాకు తగిన నిజమైన యుద్ధనౌక మన రాష్ట్రముననే యొకటి యున్నది. విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యొడ్డున ఇసుకపై నిలిచియున్న కుర్సురా యను జలాంతర్గామిని పెక్కుమంది విద్యార్థులు విహారయాత్రలలో చూచియే యుందురు. అది సోవియట్ యూనియనులో నిర్మింపబడి, 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరినది. 2001 ఫిబ్రవరి 27న విరమించి, మరుసటి సంవత్సరము మ్యూజియముగా తెరువబడినది. దాని పొడవు 91.3 మీటర్లు. నూరవ వంతు నమూనా 91.3 సెంటీమీటర్లుండును, తరగతి బల్లపై చక్కగా ఇమిడిపోవును.

ఇచ్చట నొక చమత్కారమున్నది. పొడవు నూరవ వంతైనచో బరువు ఎన్నవ వంతు కావలెను? ఎనిమిదవ తరగతి పిల్లల నడిగినచో సగముమంది నూరవ వంతే యందురు. కాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడును నూరవ వంతులైనవి గదా! మూడు నూరులను గుణించినచో పది లక్షలు. కుర్సురా నీటిపై తేలునపుడు దాని బరువు సుమారు 1,950 టన్నులు. దానిలో పదిలక్షల వంతు 1.95 కిలోలు. మునిగినపుడు లెక్క సుమారు 2,475 టన్నులు, నమూనాకు 2.475 కిలోలు. ఈ రెండింటికి నడుమనున్న తేడా 525 గ్రాములు, అనగా అర లీటరుకు కొంచెము పైగా నీరు. జలాంతర్గామి మునుగుటకు చేయు పని యదియే. తన తొట్లలోనికి నీటిని చేర్చుకొని దిగును. ఆ నీటిని గాలితో వెడలగొట్టి పైకి వచ్చును.

కావున నమూనా సరిగా వచ్చినదా లేదా యని తేల్చుటకు రంగును చూడనక్కరలేదు. లోపల సీసపు గుండ్లో, ఇసుకయో వేసి బరువును సరిగా 1.95 కిలోలకు తెచ్చి నీటి తొట్టిలో విడువవలెను. నిజమైన నౌకపై నీటిమట్టపు గీత యెచ్చట నుండునో, దీనిపైనను అచ్చటనే నీరు నిలిచినచో ఆకారము సరియైనది. ఎత్తుగా తేలినచో ఎక్కడనో పొట్ట లావైనది. క్రిందికి దిగినచో ఎక్కడనో చిక్కినది. సముద్రపు నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువు. అందువలన మన గోదావరి నీటిలో విడిచిన నమూనా ఇసుమంత లోతుగా కూర్చుండును. ఆ మాత్రము తేడాను లెక్కకట్టి ముందుగా చెప్పగలిగిన విద్యార్థికి నేనైతే నూటికి నూరు మార్కులు వేయుదును, రంగు పెచ్చులూడియున్నను సరే.

నమూనాలు పిల్లల వేడుక మాత్రమే యని తలచువారికొక మాట. విలియం ఫ్రూడ్ అను ఆంగ్ల ఇంజనీరు చిన్న నౌకలను నీటిలో లాగి చూచి పెద్ద నౌకలకెంత బలము కావలయునో చెప్పు మార్గమును కనుగొని, 1872లో టార్క్వే పట్టణమున అందుకొరకొక పొడవైన తొట్టిని కట్టించెను. ఆయన చూపిన సూత్రము ప్రకారము 25వ వంతు నమూనాను నౌక వేగములో 5వ వంతు వేగముతో లాగవలెను. నూరవ వంతుదానిని 10వ వంతు వేగముతో లాగవలెను. అనగా పొడవుల నిష్పత్తికి వర్గమూలము. అట్లు లాగినపుడే రెండింటిచుట్టును అలలు ఒకే తీరున లేచును. విశాఖపట్టణమున 1969లో స్థాపింపబడిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవుగల యిట్టి తొట్టి యున్నది. సముద్రమునకు పోబోవు యుద్ధనౌకలు అచ్చట ముందుగా చిన్న రూపములలో పరీక్షకు నిలుచును. అంతదూర మేల? మా పోలవరమున నదిపై కట్టిన స్పిల్‌వే, ఆ 48 గేట్ల కట్టడము, నేలమీదకు రాకముందే పుణె వద్ద ఖడక్‌వాస్లాలోని కేంద్ర పరిశోధన సంస్థలో నమూనాగా నిలిచి నీటి పరీక్షను పొందినది. అచ్చట నడచినదియు ఫ్రూడ్ సూత్రమే. ఓడకును ఆనకట్టకును నీరొక్కటియే గదా.

బరువు ఎంత యుండవలెనో తెలియుట చాలదు. ఎచ్చట నుండవలెనో తెలియవలెను. స్వీడను దేశపు రాజనౌక వాసా 1628 ఆగస్టు 10న స్టాక్‌హోము రేవునుండి తొలిసారి బయలుదేరి, మైలు దూరమైనను పోకముందే చిరుగాలికి ఒరిగి మునిగిపోయెను. రేవులోనుండగానే ముప్పదిమందిని పైతట్టుపై ఇటునుండి అటు పరుగెత్తించి పరీక్షించిరట. నౌక ప్రమాదకరముగ ఊగుచుండుట చూచి పరీక్షను ఆపివేసిరి గాని ప్రయాణమును ఆపలేదు. 1961లో దానిని పైకి తీసిరి. మ్యూజియములో నౌక ప్రక్కన దాని పదవ వంతు నమూనాయు నున్నది. మన బాలుడు కూడ ఫిరంగులన్నిటిని సీసముతో పోసి పైభాగమున అమర్చినచో, అతని నమూనా తొట్టిలో వాసావలెనే ఒరుగును. గోదావరి యొడ్డునున్న మనకు ఒరుగుట యనునది పుస్తకములోని మాట కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగినదానిని ఈ తీరమున మరచినవారు లేరు.

ఇక ప్రాచీన నౌకలమాట. యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై రెండు కొయ్యల నౌక యున్నది. అది తెలుగువారికి గర్వకారణమే. ఆ ముద్రను చూచి "శాతవాహన నౌక" యని బొమ్మలు చేసి అమ్ముచున్నారు. నాణెము రెండు కొయ్యలున్నవని చెప్పును, రెండు కొనలు పైకి వంగియున్నవని చెప్పును. పొడవెంతయో చెప్పదు, పలకలను ఎట్లు కలిపిరో చెప్పదు. అంతకుమించి చేసినదంతయు మన యూహ. ఊహ చేయరాదనుట లేదు. మన నౌకాదళమువారు అజంతా చిత్రములోని నౌక నాధారముగ గొని, పలకలను నారత్రాళ్లతో కుట్టించి కౌండిన్య యను ఓడను కట్టించి, 2025 మే 21న కార్వారులో నౌకాదళమున చేర్చుకొనిరి. చిత్రమున కొలతలు లేవు గనుక, ముందు నమూనా చేసి మద్రాసు ఐ.ఐ.టి.లో నీటి పరీక్ష చేయించిరి. ఇది ఊహ, ఇది పరీక్షించినది యని విడదీసి చెప్పుకొనిన తరువాతనే దానిని సముద్రమున దించిరి. మనము మాత్రము ఊహకు రంగు పూసి చరిత్ర యని చీటి అంటించుచున్నాము.

పదునేడవ శతాబ్దమున మన గోదావరి ముఖముననున్న నరసాపురము, మాధవాయపాలెము ఓడల నిర్మాణమునకు పేరుగాంచినవి. ఆంగ్ల వర్తకులు సైతము తమ ఓడల నచ్చట కట్టించుకొనిరి. థామస్ బౌరీ యను నావికుడు ఆ రేవులను, అచ్చటి కలప సమృద్ధిని తన గ్రంథమున కొనియాడెను. కోరంగి తరువాతి కాలమున గొప్ప ఓడరేవై, 1839 నాటి తుఫానుతో దెబ్బతినెను. ఆ వడ్రంగులు కాగితముపై గీతలు గీయక, కంటితోను, జానతోను, తాతలనాటి జ్ఞాపకముతోను పని చేసెడివారు. వారి నేర్పు తక్కువది కాదు. కాని చేతిలోనున్న విద్య చేతితోనే పోవును. ఇంగ్లండువారి నౌకలను నేడు మేకు మేకుగా మరల చేయగలుగుచున్నాము, మన మాధవాయపాలెపు ఓడను చేయలేకున్నాము.

గడచిన కాలమునకు మాత్రమే యీ నష్టమనుకొనరాదు. జపాను దేశపు యమాటో యను మహానౌక 1945లో మునిగినది. యుద్ధాంతమున దాని పటములలో పెక్కింటిని వారే తగులబెట్టిరి. మిగిలిన పటములను, ఛాయాచిత్రములను, సముద్రగర్భమున తీసిన చిత్రములను కూర్చి, పదవ వంతు నమూనాను, 26.3 మీటర్లదానిని, కురే పట్టణమున 2005లో తెరచిన మ్యూజియమున నిలిపిరి. మన తొలి విక్రాంత్ 1997లో విరమించి, కొన్నియేండ్లు బొంబాయిలో మ్యూజియముగ నిలిచి, 2014లో ముక్కలు చేయబడినది. విరాట్ కూడ అలంగ్ తీరమున అదే గతి పొందినది. ఇనుము కరగిపోయిన తరువాత మిగులునవి కొలతలే.

యుద్ధనౌకలనే యేల చేయవలెను, పిల్లలకు యుద్ధముపై మక్కువ కలుగదా యని కొందరు పెద్దలు శంకింతురు. శంక తీసివేయదగినది కాదు. నా కనుభవములో తోచినది మాత్రము వేరు. బొమ్మ తుపాకి పట్టిన బాలునకు యుద్ధము ఆటగా కనబడును. కుర్సురా నమూనాను నిలువున కోసి, లోపలి గదులను కొలతతో చేసి, డెబ్బదిమందికి పైగా నావికులు ఆ యిరుకులో ఎక్కడ పండుకొనిరో లెక్కించిన బాలునకు అట్లు కనబడదు. 1971 డిసెంబరులో విశాఖ సముద్రమున మునిగిన ఘాజీయు అట్టి జలాంతర్గామియే. శత్రునౌకయే కావచ్చును; అందున్నవారెవ్వరును పైకి రాలేదు. గది కొలత చేతితో కొలిచినవాడు ఆ వార్తను వేరుగా చదువును.

ఖర్చుమాట యందురా, విదేశపు పెట్టెలు మనకక్కరలేదు. కొండపల్లి బొమ్మలు చేయు తెల్ల పొణికి కర్ర తేలికయైనది, చాకుకు లొంగును. సందులు పూడ్చుటకు వారు వాడు మక్కు, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపినది, మనకును పనికివచ్చును. దారము, స్కేలు, కిరాణా కొట్టు త్రాసు ఉన్నచో మిగిలినది ఓపిక. నమూనా ప్రక్కన కొలతల పుస్తకమొకటి తప్పక యుండవలెను. తాను స్వయముగ కొలిచినది నల్లసిరాతోను, గ్రంథములో చూచినది నీలిసిరాతోను, ఊహించినది ఎర్రసిరాతోను వ్రాయవలెను. పరీక్షకులు ముందు ఆ పుస్తకమును చూచి, తరువాత ఓడను చూడవలెను. ఎర్రసిరా యెక్కువగ నున్నదని మార్కులు తగ్గింపరాదు. ఎర్రసిరాతో వ్రాయవలసినదానిని నల్లసిరాతో వ్రాసినపుడు తగ్గింపవలెను.

విశాఖకు పోలేనివారు తమ యూరి రేవుతో మొదలిడవచ్చును. జలాశయము కారణముగ ఎగువ గ్రామములవారు పునరావాస కాలనీలకు తరలినారు, తరలుచున్నారు. కాలనీలో నావతో పనిలేదు. ఒడ్డునకు లాగి వదలిన నావ ఒకటి రెండు వర్షములకు చివికి, పిదప పొయ్యిలోనికి పోవును. కోనసీమ కాలువలలోని తాటిదోనెలును అరుదగుచున్నవి. ఇసుకపైనున్న నావకు ఈ కొననుండి ఆ కొనకు దారము బిగించి కట్టి, అరమీటరునకొకచోట బరువు కట్టిన దారమును వ్రేలాడదీసి, అచ్చటినుండి ప్రక్క పలక యెంత దూరమో, అడుగు ఎంత లోతో వరుసగ వ్రాసికొనవలెను. నావ యజమాని దగ్గర నున్నచో, ఏ భాగమునకు ఏ పేరో ఆయన చెప్పినట్లే వ్రాయవలెను, దిద్దరాదు. ఇద్దరు పిల్లలు చాలుదురు. ఒక నావకు రెండు పూటలు పట్టును.