ఒకటికి ఒకటి ఉచితం: లాభమెంత, నష్టమెంత?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో జనరల్ షిఫ్టు వదిలే వేళకు కొండాపూర్, గచ్చిబౌలి రెస్టారెంట్లలో హ్యాపీ అవర్స్ నడుస్తుంటాయి. ఒక గ్లాసు కొంటే ఇంకోటి ఉచితం, స్టార్టర్ల మీద తగ్గింపు. బార్ ఉన్న థాయ్ రెస్టారెంటుకు నలుగురు సహోద్యోగులు కలిసి వెళ్దామనుకుంటే, ఆ బేరం నిజంగా గిట్టుబాటవుతుందా? జేబు, ఒళ్లు, ఇంటికి చేరే దారి, మూడూ చూసుకుని జవాబు చెప్పాలి.

ముందు మంచి వైపు చూద్దాం. థాయ్ తిండి మన నాలుకకు పరాయిది కాదు. సోమ్ టామ్ చేసే తీరే చూడండి. రోట్లో వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి, తాటిబెల్లం, నిమ్మరసం, చేపల సాస్ కలుపుతారు. సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి, టమాటా, వేయించిన పల్లీలు వేసి మళ్లీ మెల్లగా నాలుగు పోట్లు వేస్తారు. బొప్పాయి నలగకూడదు, పంటికింద కరకరలాడాలి. రోటి పచ్చడి తిని పెరిగినవాళ్లకు ఆ కారం, పులుపు వెంటనే పట్టుబడతాయి. ప్యాడ్ థాయ్ నూడుల్స్‌కు పులుపు ఇచ్చేది చింతపండే. టామ్ యమ్ సూపులో నిమ్మగడ్డి వాసన ఒక్కటే కాస్త కొత్త. పూర్తి ధరకు ఇవన్నీ రుచి చూడాలంటే బరువే. సాయంత్రం తగ్గింపులో నలుగురూ నాలుగు ప్లేట్లు పంచుకోవచ్చు.

కూర్చునే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. వైన్ షాపు పక్కన పర్మిట్ రూములో ఆడవాళ్లు కూర్చునే పరిస్థితి లేదు. రెస్టారెంటులో తాగేవాళ్లూ తాగనివాళ్లూ ఒకే టేబుల్ దగ్గర తినొచ్చు. సీసా విషయంలోనూ భరోసా ఎక్కువ. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తప్పు కల్తీ చేసినవాళ్లది, చెట్టెక్కే గీత కార్మికుడిది కాదు. అయినా ఏం తాగుతున్నామో తెలిసి తాగడానికి లైసెన్సున్న బార్ మేలు. యజమాని లెక్కలో మోసం కూడా ఏమీ లేదు. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ టేబుళ్లు ఖాళీగా ఉంటాయి, జీతాలూ అద్దె మాత్రం ఆగవు. ఆ ఖాళీ నింపుకోవడానికే ఈ తగ్గింపు.

ఇక రెండో వైపు. మొదటి చిక్కు సమయం. అయిదున్నరకు గేటు దాటి, ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా, లింగంపల్లి మీదుగా వెళ్లినా, ఆఫర్ ముగిసేలోపు మిగిలేది కాస్త సమయమే. ఆ తొందరలో ఖాళీ కడుపుతో రెండు గ్లాసులు ఎత్తేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

లెక్క వేసి చూద్దాం. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంత ఆల్కహాల్‌ను కాలేయం కరిగించడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాక్‌టెయిల్‌లో 60 మిల్లీలీటర్లు పోస్తే, ఒకటికి ఒకటి కలిపి 40 గ్రాములు. ఏడింటికి తాగడం ఆపినవాడి ఒంట్లో పదింటికి కూడా మందు మిగిలే ఉంటుంది. కొబ్బరిపాలు, నిమ్మగడ్డి కలిపిన తీపి పానీయంలో మందు ఘాటు తెలియదు. ఉప్పు, కారం ఎక్కువైన ప్లేటు దాహం పెంచుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రాత్రి లారీలు బారులు తీరే 65వ నంబరు జాతీయ రహదారి మీద బైకు నడిపేవాడికి పోలీసు తనిఖీ కన్నా పెద్ద ముప్పు ఇంకోటి ఉంది. దాన్ని వేరే చెప్పనక్కర్లేదు.

బిల్లు కూడా బోర్డు మీది అంకె దగ్గర ఆగదు, పన్నులు చేరతాయి. సర్వీస్ ఛార్జీ తప్పనిసరి కాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది, వద్దనుకుంటే తీసేయమని అడగొచ్చు. శాకాహారులు చేపల సాస్, రొయ్యల ముద్ద లేకుండా చేయమని ముందే చెప్పాలి. కూరగాయల కర్రీలో కూడా అవి కలిసే అవకాశం ఉంది.

రెండు వైపులా తూచితే, తిండి కోసం హ్యాపీ అవర్స్‌కు వెళ్లడం మంచి బేరమే. ఉచిత గ్లాసు కోసం వెళ్లడం మాత్రం నష్టమే. ముందు ప్లేటు రానివ్వండి, గ్లాసు తర్వాత. ఇద్దరు కలిసి ఒక ఆఫర్ తీసుకుంటే చెరొక గ్లాసుతో సరిపోతుంది. బండి కంపెనీలోనో ఇంట్లోనో వదిలి క్యాబ్‌లో వెళ్లండి, మియాపూర్ దాకా మెట్రో కూడా ఉంది. రాత్రి షిఫ్టు ఉన్న రోజు ఒక్క చుక్క కూడా ముట్టవద్దు. రియాక్టర్లు, బాయిలర్లు, సాల్వెంట్ల మధ్య పనిచేసేవాడు మత్తులో పొరపడితే పక్కవాళ్ల ప్రాణాలూ పోతాయి. ఈ జాగ్రత్తలు పాటించగలిగితే నెలకోసారి నలుగురూ కలిసి వెళ్లండి, సోమ్ టామ్ మాత్రం తప్పక తినండి. పాటించలేమనిపిస్తే ఆ ఆఫర్ మీది కాదని వదిలేయండి.