పుట్టమన్ను, గునుగు పూలు

చిన్నపిల్లలకు కృతజ్ఞత నేర్పాలంటే ఇంట్లో చేతిపని చేయించమనే సలహా తల్లిదండ్రులకు ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. అట్టముక్కతో చెట్టు చేసి, కాగితపు ఆకుల మీద ‘థాంక్యూ అమ్మా’ అని రాయించి అంటించడం అలాంటిదే. హుస్నాబాద్ చుట్టుపక్కల ఇండ్లల్లో అంతకంటే పాత చేతిపనులున్నాయి. బతుకమ్మ రాకముందే ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి పూలు పెడతారు. పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతే గునుగు పూలకు రంగులద్దడం, తంగేడు వరుసలు పేర్చడం పిల్లల చేతుల్లోకి వస్తుంది.

ఈ పనిలో బిడ్డకు ఎవరూ ఉపన్యాసం చెప్పరు. ఎవరూ నాటని తంగేడు గట్టున పూసిందని తనే చూస్తుంది. ఇది వానను నమ్ముకున్న మెట్ట ప్రాంతం. వానలు మొఖం చాటేసిన ఏడు పూలకు ఎంత తిరగాలో నడిచిన కాళ్లకే తెలుస్తుంది. పొద్దంతా పేర్చిన బతుకమ్మను సాయంత్రం ఎల్లమ్మ చెరువులో వదిలి, సద్దులు నలుగురికీ పంచి ఇంటికొస్తుంది. దాచుకోవడానికి కాకుండా ఇవ్వడానికే ఒక వస్తువును ఇంత అందంగా చేయవచ్చని అయిదేండ్ల పిల్లకు అంతకంటే బాగా ఎలా చెప్పగలం? ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యకు, ఎడ్లు లేని ఇండ్లల్లో మట్టి ఎడ్లను పూజించడంలోనూ ఇదే ఉంది. అన్నం వెనుక ఒక జీవి కష్టం ఉందని ఆ బొమ్మ గుర్తుచేస్తుంది.

అభ్యంతరాలూ తేలికైనవి కావు. కృతజ్ఞత మీద పేరుపడ్డ పరిశోధనల్లో 2003లో ఎమన్స్, మెకలో చేసినది పెద్దవాళ్ల మీద. 2008లో ఫ్రో బృందం చేసినది బడిలో చదివే 221 మంది మీద. వాళ్లు కౌమారంలో అడుగుపెడుతున్నవాళ్లు. రెండింటిలోనూ చేయించింది రాతపనే. దాన్ని నాలుగేండ్ల పిల్లల కత్తెర పనికి రుజువుగా చూపడం సరికాదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. తిండి, బట్ట, ప్రేమ పిల్లల హక్కు. ‘నీ కోసం ఎంత చేశామో రాయి’ అని కూర్చోబెడితే ఆ హక్కు అప్పుగా మారుతుంది. పైగా బొడ్డెమ్మ ఆడపిల్లల ఆట. సేవను గుర్తించే పని బిడ్డకూ, సేవ అందుకునే సుఖం కొడుక్కూ నేర్పితే అది సగం చదువే.

రెండూ తూచి చూస్తే నా మొగ్గు చేతిపని వైపే, కానీ అట్టచెట్టు వైపు కాదు. మట్టి తెచ్చే దగ్గర్నుంచి బిడ్డ ఉండాలి, పక్కన తమ్ముడూ ఉండాలి. చివర్లో ‘థాంక్యూ చెప్పు’ అని ఒత్తిడి చేయవద్దు. గునుగు కొనాల్సి వస్తే, కోసి తెచ్చిన అవ్వ దగ్గర బేరం ఆడకుండా అడిగినంత బిడ్డ చేతనే ఇప్పించాలి.