షుగర్ మాత్రా? పిల్లల మాత్రా?

పెళ్లికాని పిల్లకు నెలసరి మూడు నెలలకోసారి వస్తుంటే ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అంటారు. పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండకపోతే అదే స్త్రీని హడావుడిగా స్కానింగుకు తీసుకెళతారు. యారాడలో మత్స్యకార స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను విన్నది ఈ వరసే. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం ఉన్న ఆ ఊరినుంచి స్పెషలిస్టు దగ్గరకు పోవాలంటే కొండ దాటి గాజువాకకో, విశాఖ నగరానికో వెళ్లాలి. ఒకరోజు సంపాదన పోతుంది, ఛార్జీలు, తోడుగా ఒక మనిషి. ఇంటివాళ్లు ఆ ఖర్చు పెట్టేది ఆమె ఒంటికోసం కాదు, వంశంకోసం.

‘అండాశయంలో నీటిబుడగలు’ అని జనం చెప్పుకునే పీసీఓఎస్‌ను 1935లో షికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంతాల్ వర్ణించారు. పేరులోనే అండాశయం ఉంది కనుక ఇది సంతానానికి సంబంధించిన జబ్బుగానే చలామణి అయింది. కానీ చాలామందిలో అసలు గొడవ ఇన్సులిన్‌ది. అది ఒంట్లో సరిగా పనిచేయనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాలచేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. నెలసరి తప్పడం, గడ్డంమీద వెంట్రుకలు, ముందుముందు మధుమేహం వచ్చే ప్రమాదం అన్నీ దీనితో ముడిపడినవే. అందుకే 1990లలో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రను ఈ స్త్రీలకు ఇచ్చి చూడటం మొదలైంది.

మరి మన స్త్రీల చేతికి ఆ మాత్ర ఏ పేరుతో వస్తోంది? పిల్లల పేరుతో! 2007లో అమెరికాలో 626 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడినవారిలో బిడ్డను కన్నవారు 7.2 శాతం, క్లోమిఫిన్ వాడినవారిలో 22.5 శాతం. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు అండం విడుదలకు ముందుగా సూచించేది లెట్రోజోల్‌ను. మెట్‌ఫార్మిన్‌ను ముఖ్యంగా చెప్పింది అధిక బరువున్న స్త్రీలలో చక్కెర, కొవ్వు సమస్యలకు. అంటే దాని మేలు ప్రధానంగా ఆమె సొంత ఆరోగ్యానికి. అయినా గర్భం నిలిచాకో, ఆశ వదులుకున్నాకో మందుల చీటీ మూలన పడుతుంది. ఆమె నెత్తురులో చక్కెర ఎంతో ఆ తర్వాత అడిగేవారుండరు.

ప్రభుత్వం చేసేదీ అదే. మధుమేహాన్ని ముందుగా పసిగట్టే జాతీయ కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారికి. పంతొమ్మిదేళ్ల పీసీఓఎస్ పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుంది? ‘నడువు, బరువు తగ్గు’ అన్న సలహా మాత్రం ఉచితం. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే స్త్రీకి నడక నేర్పుతున్నారు!

మందుల కంపెనీల తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాలకు వ్యతిరేకంగా 1986లో స్త్రీశక్తి సంఘటన, మరికొన్ని సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పూర్తి సమాచారం ఇవ్వకుండా స్త్రీ శరీరంలోకి మందు ఎక్కించే హక్కు ఎవరిదన్నదే అప్పటి ప్రశ్న. ఇప్పుడూ అదే. మెట్‌ఫార్మిన్‌తో వికారం, విరేచనాలు కలగవచ్చు. ఎక్కువకాలం వాడితే బి12 తగ్గవచ్చు. అండం విడుదల మొదలై, అనుకోకుండా గర్భం రావచ్చు. పెళ్లయిందా లేదా అని ఆరా తీయకుండా ఇవన్నీ ప్రతి స్త్రీకీ చెప్పాలి.

పీసీఓఎస్ అని తేలిన రోజే, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి చక్కెర పరీక్ష జరగాలని ఆ మార్గదర్శకాలే అంటున్నాయి. వయసు నిబంధన లేకుండా ఆ పరీక్ష, అవసరమైనవారికి ఆ మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా దొరకాలి. తల్లి కావాలనుకున్నా, వద్దనుకున్నా.